సువర్ణరేఖ తీరాన సహాయపు లెక్కలు

రాజధానిలో సభలకు ఎన్నడూ కరువు లేదు. ఇటీవల అటువంటి సభ ఒకదానిలో కూర్చోవలసి వచ్చింది. సంఘర్షణల్లో చిక్కుకొన్న దేశాలకు, పరిపాలన కుప్పకూలిన దేశాలకు అభివృద్ధి సహాయం ఏ విధంగా అందించాలన్నది చర్చనీయాంశం. గోడ మీద ప్రపంచపటం. ఆఫ్ఘనిస్తాన్, యెమెన్, సోమాలియా, సూడాన్, దక్షిణ సూడాన్, మయన్మార్ వంటి దేశాలకు ఎర్రరంగు పూశారు. ప్రపంచ బ్యాంకు ఏటా ప్రకటించే దుర్బల దేశాల జాబితా అది. భారతదేశం ఆ జాబితాలో లేదు. ఉండవలసిన పని కూడా లేదు. మనకు పార్లమెంటు ఉన్నది, కోర్టులు ఉన్నాయి, ఎన్నికలు సకాలంలో జరుగుతున్నాయి. మన ప్రతినిధులు సభలో దాత దేశపు హోదాలో మాట్లాడారు. ఒకప్పుడు చేయి చాచిన దేశం నేడు చేయి అందిస్తున్నదన్న మాటకు చప్పట్లు కూడా మోగాయి.

ఆ జాబితా దేశాలనే చూస్తుంది గాని జిల్లాలను చూడదు. అది నాకు స్ఫురించినది సభలో కాదు. మరునాడు పురుషోత్తం ఎక్స్‌ప్రెస్ ఎక్కి జంషెడ్‌పూర్ చేరిన తరువాత. సొంత పని మీద వెళ్ళాను. బంధువుల ఇంట పెండ్లి. ఆ నగరంలో తెలుగువారి ఇంట పెండ్లి జరగడం వింత ఏమీ కాదు. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఉన్నది. కద్మాలో ఆంధ్ర సంఘం ఉన్నది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలనుంచి ఇనుము కరిగించే పనికి వలసవచ్చిన కుటుంబాలు నాలుగో తరానికి చేరుకొన్నాయి. తెలుగులో మాట్లాడుతూ హిందీలో లెక్కపెట్టే పిల్లలను ఆ ఊళ్ళోనే చూడాలి.

పెండ్లిపందిట్లో ఒక వృద్ధుడు నా పక్కన కూర్చున్నాడు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవాడు. నేను ఢిల్లీనుంచి వచ్చానని, పత్రికలో రాస్తానని తెలిసి, "మా అయ్య ఇరవై లక్షల టన్నుల పనిలో చేరినాడు బాబూ, అమెరికావాళ్ళు ఉన్నప్పుడు" అన్నాడు. ఆ ఒక్క వాక్యంలో ఎంత చరిత్ర ఉన్నదో ఆయనకు తెలుసో లేదో గాని, నాకు సభలోని ప్రపంచపటం గుర్తుకు వచ్చింది.

పాఠకులలో పెద్దవారికి జ్ఞాపకం ఉండవచ్చు. 1950లలో టాటా ఉక్కు కర్మాగారం ఏటా ఇరవై లక్షల టన్నుల ఉత్పత్తికి విస్తరించ సంకల్పించింది. అమెరికాకు చెందిన కైజర్ ఇంజనీర్లు ఆ పని చేపట్టారు. విదేశీ మారకద్రవ్యం కొరతతో దేశం అల్లాడుతున్న రోజులవి. ప్రపంచ బ్యాంకు 1956లో 7.5 కోట్ల డాలర్లు, 1957లో మరి 3.25 కోట్ల డాలర్లు ఆ కంపెనీకి అప్పు ఇచ్చింది. ప్రైవేటు కంపెనీకి ఇచ్చిన అప్పు. హామీ మాత్రం భారత ప్రభుత్వానిది. దయాధర్మం ఎంతమాత్రం కాదు, వడ్డీతో సహా తీర్చవలసిన బాకీ. అప్పు తీరింది. కొలిమి నిలిచింది. శ్రీకాకుళంనుంచి వచ్చిన ఒక రైతు కొడుకుకు ఉద్యోగం దొరికింది, ఆయన మనుమడి పెండ్లికి నేను భోజనం చేశాను. విదేశీ ధనం వల్ల దేశానికి మేలు జరగదని వాదించేవారు జంషెడ్‌పూర్‌ను ఒకసారి చూసి రావాలి.

అయితే ఆ నగరానికి వాయవ్యంగా సుమారు 40 కిలోమీటర్లు ప్రయాణం చేస్తే మరొక లెక్క కనిపిస్తుంది. అదీ ప్రపంచ బ్యాంకు ధనమే. అదే నది.

సువర్ణరేఖ బహుళార్థసాధక ప్రణాళిక పేరు మన ప్రాంతంలో అంతగా వినిపించదు. బీహార్, పశ్చిమ బెంగాల్, ఒరిస్సా ప్రభుత్వాలు 1978 ఆగస్టులో నదీజలాల పంపకంపై ఒప్పందం చేసుకొన్నాయి. సువర్ణరేఖపై చాండిల్ వద్ద ఒక ఆనకట్ట, దాని ఉపనది ఖర్కాయ్‌పై ఇచ్ఛా వద్ద మరొకటి, ఘాట్‌శిలా సమీపంలో గాలూడీహ్ వద్ద ఒక బ్యారేజి, గంజియా వద్ద ఇంకొకటి, వాటినుంచి కాలువలు: ఇదీ పథకం. సాగునీరు రైతులకు, కొంత నీరు జంషెడ్‌పూర్ చుట్టుపట్ల పరిశ్రమలకు, పట్టణానికి. కాగితం మీద తప్పుపట్టవలసిందేమీ లేదు. సింగ్‌భూమ్‌లో వాన కురిసినా నీరు నిలవదు; ఒక పంట పండితే రెండో పంటకు దిక్కుండదు. నీరు కావాలన్న మాట నిజం.

నీరు నిలిపే చోట మనుషులు ఉన్నారు. చాండిల్ జలాశయం కింద ముంపుకు గురయ్యే గ్రామాలు 116. సంతాలులు, భూమిజులు, కుర్మీలు, ఇతర కులాలవారు. ఇచ్ఛా వైపు హో జాతివారు. 1978 ఏప్రిల్‌లో, అంటే మూడు ప్రభుత్వాలు సంతకాలు చేయడానికి కొన్ని నెలల ముందే, ముంపు గ్రామాల ప్రజలు వేల సంఖ్యలో చాండిల్‌లో ప్రదర్శన జరిపితే పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. అంతటితో ఆగలేదు. ఆ సంవత్సరాలలో సింగ్‌భూమ్ అడవులన్నీ రగులుతున్నాయి. ఆదివాసులకు అన్నీ తానే అయిన సాలవృక్షాన్ని కొట్టి ప్రభుత్వ అటవీ సంస్థ టేకు నాటుతున్నదని ఒక ఉద్యమం. ప్రత్యేక జార్ఖండ్ కోసం మరొక ఉద్యమం. 1980 సెప్టెంబరు 8న గువాలో కాల్పులు జరిగినప్పుడు, గాయపడి ఆసుపత్రికి చేరిన ఆదివాసులను ఆసుపత్రి ఆవరణలోనే కాల్చిచంపారన్న వార్త విని దేశం నిర్ఘాంతపోయింది.

ఆ పరిస్థితికి నేటి పరిభాషలో ఏమి పేరు పెడతారు? ఢిల్లీ సభలో వాడిన మాటలే వాడితే, అది "సంఘర్షణకు లోనైన ప్రాంతం." పరిపాలన మీద ప్రజలకు నమ్మకం పోయిన చోటు. భూమి మీద ఎవరి హక్కు చెల్లుతుందన్న వివాదం తుపాకి దాకా వెళ్ళిన చోటు. సరిగ్గా ఆ సమయంలో, ఆ చోటికి, 1982లో ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ ఐడీఏ సువర్ణరేఖ ప్రణాళికకు 12.7 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది.

ఆ సంవత్సరమే ఏప్రిల్‌లో ఇచ్ఛా ఆనకట్ట వ్యతిరేకోద్యమ నాయకుడు గంగారామ్ కలుండియా పోలీసుల చేతిలో ప్రాణం కోల్పోయారు. ఆయన మాజీ సైనికుడు. దేశం కోసం యుద్ధం చేసి ఇంటికి తిరిగివచ్చి, తన ఊరు మునగరాదని గ్రామాలను కూడగట్టిన మనిషి. ఆయనను తీవ్రవాది అనడానికి ఎవరికీ నోరు రాదు.

ఇక్కడ ఒక విషయం నిలిచి ఆలోచించదగినది. ప్రపంచ బ్యాంకుకు ఆనాడు నియమాలు లేవని ఎవరైనా అంటే అది నిజం కాదు. నిర్వాసితుల విషయమై 1980 ఫిబ్రవరిలోనే బ్యాంకు తన సిబ్బందికి ఒక మార్గదర్శక ప్రకటన జారీ చేసింది. తాను డబ్బు పెట్టే ప్రణాళికల వల్ల నిరాశ్రయులయ్యేవారు కనీసం మునుపటి జీవనస్థాయిని తిరిగి పొందేటట్లు చూడాలన్నది దాని సారాంశం. గిరిజనుల విషయమై 1982 ఫిబ్రవరిలో మరొక ప్రకటన వచ్చింది. అంటే ఒకే సంవత్సరంలో గిరిజనుల రక్షణకు బ్యాంకు నియమం రాసుకొన్నది, గిరిజనుల భూమి ముంచే ప్రణాళికకు అప్పు ఇచ్చింది, ఆ ప్రణాళికను ఎదిరించిన గిరిజనుడు హతుడయ్యాడు. ఈ మూడింటినీ ఒకే బల్ల మీద పెట్టి చూసిన అధికారి వాషింగ్టన్‌లో గాని, పాట్నాలో గాని, ఢిల్లీలో గాని ఉన్నట్లు కనబడదు.

దీనికి జవాబు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. బ్యాంకు ప్రభుత్వాలతోనే వ్యవహరిస్తుంది. సభ్యదేశపు రాజకీయాలలో జోక్యం చేసుకోరాదని దాని నిబంధనావళిలోనే ఉన్నది. ప్రభుత్వం హామీ ఇచ్చిన తరువాత లోపలి సంగతి ప్రభుత్వం చూసుకోవాలి. చూడటానికి సబబైన మాటే. సర్వసత్తాకతను గౌరవించే ఏ పౌరుడూ పరాయి బ్యాంకు వచ్చి మన పోలీసులకు పాఠాలు చెప్పాలని కోరడు. నేనూ కోరను. కాని ప్రభుత్వానికీ ప్రజలకూ మధ్య భూమి గురించే తగాదా నడుస్తున్నప్పుడు, ఆ భూమిని ముంచడానికి ప్రభుత్వం చేతిలో డబ్బు పెట్టడం రాజకీయాలలో జోక్యం కాకుండా ఎట్లా పోతుంది? తగాదాలో ఒకరికి కర్ర అందించి, నేను మధ్యస్థుణ్ణి అనడం మన పల్లెల్లో ఏ పెద్దమనిషికీ చెల్లదు.

సాధారణ పరిస్థితులలో సహాయం నిష్పాక్షికంగా ఉండవచ్చు. జంషెడ్‌పూర్ కొలిమికి వచ్చిన అప్పు దాదాపు అటువంటిది. కర్మాగారం అప్పటికే ఉన్నది, భూమి విషయం 1907 నాటి తరం తేల్చేసింది. ఆ తేల్చడంలో సాక్చీ పరిసర పల్లెలకు న్యాయం జరిగిందా అన్నది వేరే ప్రశ్న, మరొక వారం రాయదగిన ప్రశ్న. సంఘర్షణ ప్రాంతంలో నిష్పాక్షికమైన సహాయం ఉండదు. అక్కడ రోడ్డు వేస్తే అది ఎవరి లారీ కోసం అన్న ప్రశ్న వస్తుంది. చెరువు తవ్వితే ఎవరి పొలం పక్కన అన్న ప్రశ్న వస్తుంది. ఎంత డబ్బు ఇచ్చామన్నది దాత చెప్పుకొనే లెక్క. ఆ డబ్బు ఎవరికి జవాబుదారీ, ముంపు గ్రామపు మనిషి దాన్ని ఎక్కడ ఆపగలడు అన్నదే అసలు లెక్క.

చాండిల్‌లో ఆపడానికి చోటు లేకపోయింది. పునరావాసం తరువాత నీరు రావలసి ఉండగా, నీరు వచ్చిన తరువాత పునరావాసం గురించి మాట్లాడారు. కాలువలు దశాబ్దాల పాటు అసంపూర్తిగా పడివున్నాయి. వందల కోట్ల అంచనా వేల కోట్లకు పెరిగింది. ఆ దశాబ్దం గడిచేసరికి బ్యాంకు డబ్బు ఆగిపోయింది, ముంపు మాత్రం ఆగలేదు. ఇచ్ఛా ఆనకట్ట మాట ఎత్తితే ఇప్పటికీ కోల్హాన్‌లో సభలు జరుగుతాయి. ఐడీఏ రుణాలకు ఆనాడు సాధారణంగా గడువు 50 ఏళ్ళు ఉండేది. 1982కు 50 కలిపితే 2032. ఊరు మునిగిన పిల్లవాడు తాత అయ్యేంత గడువు.

నేను చాండిల్ వెళ్ళిన రోజు ఆదివారం. జలాశయం నిండుగా, ఎంతో అందంగా ఉన్నది. ఈ మాట రాయడానికి సంకోచం లేదు. దల్మా కొండల నీడ నీటి మీద పడుతుంటే జంషెడ్‌పూర్ కుటుంబాలు పడవలెక్కి షికారు చేస్తున్నాయి. ఆ పడవలను నడుపుతున్నది నిర్వాసితుల సహకార సంఘం. నీటిలో వలల పంజరాలు కట్టి చేపలు పెంచుతున్నదీ వారే. తమ ఊరి మీద పడవ నడిపి పొట్ట పోసుకొంటున్నారు. దీన్ని పునరావాస విజయంగా అధికారులు చూపుతారు. విజయమేనేమో. ఆ సంఘం కట్టుకోవడానికి వారు పడిన పాట్లు వారివి. ఆ ఘనత వారినుంచి లాక్కోవడం నాకు ఇష్టం లేదు.

తెలుగు పాఠకుడికి ఇదంతా పరాయి కథగా తోస్తుందని అనుకోను. శ్రీశైలం ముంపు గ్రామాలను 1981లో ఖాళీ చేయించిన తీరు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలవారు మరచిపోలేదు. ప్రపంచ బ్యాంకు అన్న మాట 1990ల చివర మన రాష్ట్రంలో కొందరి నోట మంత్రంగా, మరికొందరి నోట తిట్టుగా వినిపించిన సంగతి తెలిసిందే. బ్యాంకు రుణంతో ముడిపడిన విద్యుత్ సంస్కరణలు, ఆ పైన చార్జీల పెంపు, ఆ పైన 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కాల్పులు: ఆ వరుస ఎవరూ మరువలేదు. అదే బ్యాంకు, అదే సంవత్సరం, శ్రీకాకుళం, విజయనగరం, ఆదిలాబాద్ సహా 6 జిల్లాలలో పేదరిక నిర్మూలన పథకానికి అప్పు ఇచ్చింది. "వెలుగు" అన్న పేరుతో అది మహిళా సంఘాల చేతికి వెళ్ళింది. ఆ సంఘాలలో లోపాలు లేకపోలేదు. అయినా అవి నిలిచాయి. ఒకే దాత, ఒకే రాష్ట్రం. ఒక అప్పు గురించి జనం వీధిలోకి వచ్చి అరవవలసి వచ్చింది. ఇంకొక అప్పు గురించి గ్రామంలో కూర్చుని లెక్క అడగగలిగారు.

ఈ తేడాను సూచించే పరిశోధన కూడా ఉన్నది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో మొదలైన ఉపాధి హామీ పథకానికీ మావోయిస్టు హింసకూ మధ్య సంబంధాన్ని ముగ్గురు ఆర్థిక, రాజకీయ శాస్త్రజ్ఞులు పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించారు. పథకం చక్కగా అమలుచేయగల సామర్థ్యమున్న రాష్ట్రంలో హింస తగ్గింది. ఆంధ్రప్రదేశ్ దానికి ముఖ్యమైన ఉదాహరణ. అమలు చేతకాని చోట అదే పథకం, అదే చట్టం ఉన్నా ఆ ప్రయోజనం కనబడలేదు. ఫిలిప్పీన్స్‌లో దీనికి విలోమమైన అనుభవం ఉన్నది. ప్రపంచ బ్యాంకు సహాయంతో నడిచిన ఒక గ్రామాభివృద్ధి పథకం ఏ ఊళ్ళకు వస్తుందో ముందుగా తెలిసేది. తిరుగుబాటుదారులు ఆ ఊళ్ళ మీదనే దాడులు పెంచారని 2014లో వెలువడిన అధ్యయనం తేల్చింది. తమ పట్టు జారిపోతుందని భయపడినవాడు పథకాన్ని పుట్టకముందే చంపజూస్తాడు. సహాయం వస్తే శాంతి దానంతట అదే వస్తుందన్న ఢిల్లీ వాదనకు ఈ రెండూ బాగా అడ్డుతగులుతాయి.

జంషెడ్‌పూర్ చుట్టుపట్ల సంఘర్షణ తరువాత మరొక రూపం దాల్చింది. 2007 మార్చి 4న ఘాట్‌శిలా దగ్గర బాగుడియాలో ఫుట్‌బాల్ పోటీ చూస్తున్న జంషెడ్‌పూర్ పార్లమెంటు సభ్యుడు సునీల్ మహతోను మావోయిస్టులు కాల్చిచంపారు. ఆనకట్ట కట్టడం వల్లనే మావోయిస్టులు వచ్చారని నేను అనను. అటువంటి సులభమైన సూత్రాలు హత్యకు సాకులవుతాయి. ఊరు మునిగినవాడు తుపాకి పట్టలేదు. చాండిల్ ప్రజలు పడవలు కట్టుకొన్నారు, దరఖాస్తులు పెట్టుకొన్నారు. కాని ప్రభుత్వం మాట మీద నమ్మకం పోయిన చోట తుపాకివాడికి చోటు దొరకడం సులభం.

ఆ తరువాత ఢిల్లీ మేలుకొన్నది. 2010లో 60 జిల్లాలకు సమీకృత కార్యాచరణ ప్రణాళిక అని ఒకటి పెట్టి, మొదటి ఏడాది జిల్లాకు 25 కోట్ల రూపాయలు, మరుసటి ఏడాది 30 కోట్లు ఇచ్చారు. ఖర్చుపెట్టే అధికారం కలెక్టరు, పోలీసు సూపరింటెండెంటు, అటవీ అధికారి ముగ్గురికీ అప్పగించారు. డబ్బు వేగంగా ఖర్చయింది, రోడ్లు పడ్డాయి. కాదనను. అయితే ఆదివాసికి ఆ ముగ్గురిలో మొదటివాడు భూమి తీసుకొనేవాడు, రెండోవాడు కేసు పెట్టేవాడు, మూడోవాడు కట్టెలమోపు లాక్కొనేవాడు. నాలుగో కుర్చీలో గ్రామసభకు చోటు లేకపోయింది. 2011లో పశ్చిమ సింగ్‌భూమ్‌లోని సారండా అడవుల్లో భద్రతాదళాల దాడి ముగిసిన వెంటనే, అప్పటి కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రి జైరామ్ రమేశ్ సారండా కార్యాచరణ ప్రణాళికను ప్రకటించారు. ఆయన అప్పుడు రాజ్యసభలో మన రాష్ట్రానికే ప్రాతినిధ్యం వహిస్తున్నారు. 56 గ్రామాలు, సుమారు 7 వేల కుటుంబాలు. సైకిళ్ళు, సౌరదీపాలు, రేడియోలు, ఇళ్ళు, రోడ్లు. మంత్రిగారి చిత్తశుద్ధిని శంకించనక్కరలేదు. ఆ అడవిలోకి అన్నిమార్లు వెళ్ళిన కేంద్రమంత్రి మరొకరు లేరు. కాని సారండా దేశంలోని అతిపెద్ద ఇనుప ఖనిజ నిల్వల మీద నిలిచిన అడవి. ముందు దళాలు, వెనుక రోడ్డు, ఆ వెనుక గని లైసెన్సుల దరఖాస్తులు. ఆ క్రమంలో చూసిన గ్రామస్థుడు సౌరదీపం చేతబట్టుకొని ఏమి ఆలోచిస్తాడో ఊహించడం కష్టం కాదు. 2026 మార్చి 31 నాటికి నక్సలిజాన్ని రూపుమాపుతామని కేంద్ర హోంమంత్రి గడువు విధించినప్పుడు, రాజధానిలో అందరూ దళాల లెక్క చెప్పారు. చాండిల్ లెక్క ఎవరూ అడగలేదు.

ఇంతకూ ఈ పాత కథ ఇప్పుడెందుకు? మనం దాతలమయ్యాం గనుక. 2003లో అప్పటి ఆర్థికమంత్రి జస్వంత్ సింగ్ చిన్న దాతల ద్వైపాక్షిక సహాయం ఇక అక్కరలేదని ప్రకటించారు. 2012లో విదేశాంగ శాఖలో అభివృద్ధి భాగస్వామ్యానికి ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఆఫ్ఘనిస్తాన్‌లో మనం పెట్టిన సొమ్ము 300 కోట్ల డాలర్లని ప్రభుత్వం చెబుతూ వచ్చింది. జరంజ్‌నుంచి దెలారామ్ వరకు 218 కిలోమీటర్ల రోడ్డు, కాబూల్‌లో పార్లమెంటు భవనం, హెరాత్ రాష్ట్రంలో సల్మా ఆనకట్ట. ఆ రోడ్డు పనిలో మనవారు చనిపోయారు. 2006 ఏప్రిల్‌లో జాబుల్ రాష్ట్రంలో తాలిబాన్లు అపహరించి చంపిన టెలికాం ఇంజనీరు మన హైదరాబాదువాడే. భారతీయులంతా దేశం విడిచి పోవాలన్నది వారు పెట్టిన షరతు. సల్మా పరిసరాలలో కాపలా కాసిన ఆఫ్ఘన్ పోలీసులూ దాడులలో మరణించారు. 2021 ఆగస్టులో ఆ పార్లమెంటు భవనం మిగిలింది, పార్లమెంటు మిగలలేదు. ప్రభుత్వ వ్యయంలో నాలుగింట మూడు వంతులు విదేశీ నిధుల మీద ఆధారపడిన రాజ్యం కొన్ని వారాలలో కూలిపోయింది. తన ప్రజలకన్నా దాతలకే ఎక్కువ లెక్క చెప్పుకొన్న ప్రభుత్వానికి ఆపదలో అండగా నిలిచేది ఎవరు? 2022లో మనం పంపిన గోధుమలు ఆకలిగొన్నవారికి అందాయి, అది మంచి పనే. రాజ్యనిర్మాణం వేరు, అన్నదానం వేరు.

మనం బాగా చేసిన పని కూడా ఒకటి ఉన్నది. దాని గురించి ఢిల్లీలో తక్కువగా మాట్లాడతారు. శ్రీలంకలో యుద్ధం 2009లో ముగిసిన తరువాత ఉత్తర, తూర్పు ప్రాంతాల తమిళులకు ఇళ్ళు కట్టించే భారం భారతదేశం తీసుకొన్నది. మొదటి వెయ్యి ఇళ్ళు కాంట్రాక్టు పద్ధతిలో కట్టించారు. 2012 అక్టోబరు 2న మొదలైన తరువాతి దశలో పద్ధతి మార్చి, ఇంటి యజమాని బ్యాంకు ఖాతాలోకే విడతలుగా డబ్బు వేసి, ఎవరి ఇల్లు వారే కట్టుకొనేటట్లు చేశారు. పునాది పడితే ఒక విడత, గోడలు లేస్తే మరొకటి. యుద్ధంలో భర్తను పోగొట్టుకొన్న స్త్రీ తన వంటగది ఎటువైపు ఉండాలో తానే నిర్ణయించుకొన్నది. చాండిల్ నిర్వాసితుడికి అటువంటి నిర్ణయం ఒక్కటైనా మిగల్చలేదు.

అమెరికా తన సహాయ సంస్థను 2025 జూలైలో మూసివేసింది. ఐరోపా దేశాలు తమ పద్దులు తగ్గించుకొంటున్నాయి. ఆ ఖాళీలో భారతదేశం ముందుకు రావాలని రాజధానిలో ఉత్సాహం పెరుగుతున్నది. రావాలి. కాని ఒక విషయం సభలో ఎవరూ ప్రస్తావించలేదు. నర్మదా ప్రజలు పోరాడి, మోర్స్ నివేదిక 1992లో వెలువడి, 1993 మార్చిలో మన ప్రభుత్వం ఆ రుణంలో మిగిలిన భాగం వద్దనుకొన్న తరువాత, ఆ ఏడాది సెప్టెంబరులో ప్రపంచ బ్యాంకు ఒక తనిఖీ మండలిని ఏర్పాటు చేసుకోక తప్పలేదు. బ్యాంకు డబ్బువల్ల నష్టపోయిన గ్రామస్థుడు నేరుగా దానికి ఫిర్యాదు చేసుకోవచ్చు. భారతీయ నిర్వాసితులు ప్రపంచానికి సంపాదించిపెట్టిన హక్కు అది. మరి భారతదేశం ఆఫ్రికాలోనో, మయన్మార్‌లోనో అప్పు ఇచ్చి ఏదైనా కట్టిస్తే, అక్కడ పొలం పోయిన రైతు ఎవరికి చెప్పుకోవాలి? అటువంటి మండలి మనకు లేదు. విదేశీ సహాయాన్ని నియంత్రించే చట్టమూ లేదు. ప్రభుత్వాల మధ్య వ్యవహారం అంటాం. 1982లో మనకు వాషింగ్టన్ చెప్పిన మాటే అది. లోక్‌సభలో మన తెలుగు రాష్ట్రాల సభ్యులు 42 మంది ఉన్నారు. ప్రాజెక్టుల ముంపు అంటే ఏమిటో వారికి ఒకరు చెప్పనక్కరలేదు. వచ్చే సమావేశాలలో విదేశాంగ శాఖ పద్దు చర్చకు వచ్చినప్పుడు ఈ ప్రశ్న ఒక్కరైనా లేవనెత్తితే బాగుంటుంది.

చాండిల్ గట్టు మీద నాకు టీ ఇచ్చిన మనిషికి అరవై ఏళ్ళు దాటి ఉంటాయి. ముంపు గ్రామం వాడు. ఏటా వానాకాలంలో జలాశయం మట్టం పెంచితే ఎగువన మిగిలిన ఇళ్ళలోకి నీరు వస్తుంది. ప్రతి ఏడూ ఆందోళన, ప్రతి ఏడూ హామీ. నేను ఢిల్లీనుంచి వచ్చానని విని, "ఈ ఏడు నీళ్ళు ఎంతవరకు నిలుపుతారో మీకేమైనా తెలుసా బాబూ?" అని హిందీలో అడిగాడు. నాకు తెలియదన్నాను. ఆ సంగతి ఢిల్లీలో తేల్చరనీ, రాంచీలో అడగాలనీ చెప్పాను. రాంచీకి వెళ్ళివచ్చామని, వాళ్ళు చైబాసా పంపారని అన్నాడు. టీకి డబ్బులు ఇవ్వబోతే పుచ్చుకోలేదు.